మా మామ, కప్పులమ్మ, ఫుట్‌పాత్ గైడ్లు

పని రాకపోవడం అనేది ఒక లోపమని ఆ రోజుల్లో మాకు తెలియదు. దాని పుస్తకం ఇంకా దొరకలేదు, అంతే అనుకునేవాళ్లం. మేమంటే నేనూ, మా మేనమామా. అప్పటికే లోకమంతా ఫోన్లలో వీడియోలు చూసి వంటలూ కుట్లూ నేర్చేసుకుంటోంది. మా మామ మాత్రం ఫోన్‌లో నేర్చుకున్న విద్య ఛార్జింగ్ ఉన్నంతసేపే ఉంటుందని, కాగితం మీద నేర్చుకున్నది చెదలు పట్టేదాకా నిలుస్తుందని గట్టిగా నమ్మిన మనిషి. (వాళ్లింట్లో చెదలు బాగానే ఉండేవి. వాటిని వదిలించుకునే పద్ధతులు రాసిన పుస్తకాన్ని అవి అందరికంటే ముందు చదివేశాయి.)

మామ నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల పోర్షన్. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మిగతావాళ్లు అక్కడ నవలలకో, పరీక్షల పుస్తకాలకో వెతుక్కుంటే, మా మామ మోకాళ్ల మీద కూర్చుని 'కొత్తగా నేర్చుకునేవారి కోసం' అని రాసి ఉన్న గైడ్లు మాత్రమే ఏరుకునేవాడు. కొంత తెలిసినవాళ్ల కోసం రాసిన పుస్తకం చేతికొస్తే మర్యాదగా పక్కన పెట్టేసేవాడు. అది మన స్థాయి కాదని ఆయన లెక్క. అట్లా కరెంటు వైరింగు, కుంపటి లేకుండా రొట్టెలు, హార్మోనియం, తేనెటీగల పెంపకం, క్షవరం, ఏది తీసుకున్నా మొదటి పుస్తకం అయిపోగానే ఇంకో విద్యకు మారిపోయేవాడు. ఊళ్లో ఉన్న మేడలన్నింటికీ మొదటి మెట్టు ఎక్కి దిగిన మనిషి అనుకోండి.

నేను వాళ్లింట్లో దిగిన రోజు ఆయన ఈత నేర్చుకుంటున్నాడు. ముందు గదిలో బల్ల మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు, పుస్తకం నేల మీద తెరిచి ఉంది. అత్తమ్మ నాకు మంచినీళ్లు ఇచ్చి, మామ ఈదుతుండు, ఒడ్డుకొచ్చినంక మాట్లాడుదువు కూసో అంది. తర్వాత ఒకసారి ఆయన నిజంగానే ఈత కొలనుకు వెళ్లాడు. తడి బట్టలతో తిరిగొచ్చి, చాలాసేపు దగ్గి, నీళ్లు బుక్కుల రాసినట్టు లేవని ఒక్క మాట అన్నాడు. తప్పంతా నీళ్లదే అన్నట్టు.

ఇక నా సంగతి. ఊళ్లో నాన్నది వ్యవసాయం, అన్నది ట్రాక్టర్. నేను డిగ్రీ పాసై ఉద్యోగం కోసం వచ్చాను. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేది, నేను లోపలికి వెళ్లేవాణ్ణి, నా గొంతు మాత్రం బయట కుర్చీలోనే ఉండిపోయేది. పేరు అడిగితే కంగారులో నాన్న పేరు చెప్పిన రోజు కూడా ఉంది. (ఆ పేరు మీదున్న డిగ్రీ మార్కులు చూపించమన్నారు. అప్పుడు సర్దుకున్నాను, కానీ లాభం లేకపోయింది.) వానాకాలం పనులు మొదలయ్యేలోపు ఏదీ కుదరకపోతే వచ్చెయ్యమని, అన్న దగ్గర ట్రాక్టర్ నేర్చుకొమ్మని నాన్న ఫోన్ చేశాడు. ఊరికి పోవడం నాకు చిన్నతనం కాదు, కానీ పట్నం పోయి గొంతు పెగలక తిరిగొచ్చిన కొడుకుగా పోవాలంటే మనసొప్పలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మామ గమనించాడు. "ఏం ఫికర్ చెయ్యకు అల్లుడా. ఇంటర్వ్యూకు బుక్కుంటది. గది గాకుంటే ట్రాక్టర్‌కు గూడ ఉంటది" అన్నాడు.

ఆదివారం అబిడ్స్‌లో దొరికిన పుస్తకానికి అట్ట లేదు, చివరి పేజీలు కొన్ని లేవు. లోపల మాత్రం ఇంటర్వ్యూలో ఎట్లా నడవాలి, ఎట్లా కూర్చోవాలి, చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, అన్నీ బొమ్మలతో ఉన్నాయి. చెయ్యి కలపడం మేం వరండాలోని కుళాయి పిడితో సాధన చేశాం. టై కట్టడం మామే నేర్పాడు, అంటే బొమ్మ చూస్తూ నా మెడకు కట్టాడు. అది ఎద్దు పలుపు ముడి పడి మళ్లీ ఊడిరాలేదు. తల మీదుగా లాగితే ఇంకా బిగుసుకుంది. ఇంటర్వ్యూ మరునాడే కదా, ఉండనీ అన్నాడు మామ. టై కట్టుకునే పడుకున్నాను.

ఆ పుస్తకంలో మామకు బాగా నచ్చిన పాఠం ఒకటుంది. ఎదుటి మనిషి ఎట్లా కూర్చుంటే మనమూ అట్లాగే కూర్చోవాలట, ఆయన చెయ్యి కదిపితే మనమూ కదపాలట, అప్పుడు వాళ్ల మనసులో వీడు మనవాడే అన్న భావం కలుగుతుందట. మామా నేనూ ఎదురెదురుగా కూర్చుని సాధన చేశాం. అత్తమ్మ తలుపులోంచి చూసి, ఇద్దరూ దవడలు పట్టుకున్రు, పంటి నొప్పా, లవంగాలు తేవాల్నా అని అడిగింది.

నన్ను పిలిచింది అబిడ్స్‌లోని కప్పుల షాపు. ఆటల పోటీలకూ బడుల వార్షికోత్సవాలకూ ఇచ్చే కప్పులూ షీల్డులూ మెడల్సూ అమ్మే చోటు. ఆ షాపావిణ్ణి బజార్లో అందరూ కప్పులమ్మ అనేవాళ్లు. వాళ్లు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆవిడ భర్త అంతకు కొద్దిరోజుల ముందే, మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదని ప్రకటించి, తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, ఇంట్లో క్రికెట్ ముందు కూర్చున్నాడు. ఆవిడ అప్పటిదాకా షాపులో కూర్చుని ఎరగదు. నడపలేకపోతే తాళాలు తనకిమ్మని మరిది ఆశగా ఎదురుచూస్తున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు మాత్రం మెట్లెక్కి పైన అటక లాంటి గదిలోకి వెళ్లేసరికి, నలువైపులా 'ప్రథమ బహుమతి' అని మెరుస్తున్న కప్పుల మధ్య కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్న పెద్దావిణ్ణి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు గెలిచి ఉన్నారు.

కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఆవిడ చేతులు బల్ల మీద పెట్టారు, నేనూ పెట్టాను. ఆవిడ కాస్త ముందుకు వంగారు, నేనూ వంగాను. ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. గాభరాలో నేను చెవి గోక్కున్నాను, ఆవిడ కూడా చెవి గోక్కున్నారు. పొరపాటేమో అనుకుని వెనక్కి వాలాను. ఆవిడా వాలారు. నేను చేతులు కట్టుకుంటే ఆవిడా కట్టుకున్నారు. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నదీ తెలియని స్థితి వచ్చేసింది. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నాకు కళ్లద్దాలు లేవు, అందుకని చేతి గడియారం తీసి పెట్టాను. అది చూసి ఆవిడ గాజు ఒకటి తీసి దాని పక్కన పెట్టారు. నా దగ్గర తీసి పెట్టడానికి ఇక టై ఒక్కటే మిగిలింది, అది రాదు. ఇద్దరం చిరునవ్వుతో ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకుంటూ, చూపు తిప్పుకుంటే ఓడిపోతామన్నట్టు కూర్చున్నాం. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

చివరికి ఆవిడే గొంతు సవరించుకుని, నీ బలహీనత ఏమిటో చెప్పమన్నారు. ఈ ప్రశ్న నాకు వచ్చు. పని మొదలుపెడితే తిండీ నిద్రా మరిచిపోవడమే నా బలహీనతని పుస్తకంలో ఉన్నట్టు గడగడా చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. సొరుగు లాగి, ఒడిలో ఏదో తిరగేసి, నిజంగా బాధపడుతూ అన్నారు, "ఇలా చెప్పేవాళ్లని అస్సలు తీసుకోకూడదని రాసుంది బాబూ."

నేను మెడ చాచి చూశాను. మనుషుల్ని పనిలోకి తీసుకోవడం ఎట్లాగో కొత్త యజమానులకు నేర్పే గైడు. అబిడ్స్ ఫుట్‌పాత్ సరుకే, దుమ్ము చూస్తే తెలుస్తుంది. నాకు అప్పటిదాకా ఉన్న భయం ఎటుపోయిందో పోయింది. మరి ఏం చెప్పేటోళ్లను తీసుకోవాల్నో రాసి ఉందా మేడం అని అడిగాను. ఆవిడ పేజీ తిప్పి, ఆ కాగితం చిరిగిపోయిందని చెప్పి, ఇదే తను చేస్తున్న మొదటి ఇంటర్వ్యూ అని ఒప్పుకున్నారు. నేను చాలా చూశానని చెప్పాను. అయితే నీకే అనుభవం ఎక్కువ, ఇప్పుడు నేనేం అడగాలో నువ్వే చెప్పు అన్నారు ఆవిడ, అమాయకంగా.

"నిన్నెందుకు తీసుకోవాలి అని అడగాలె మేడం."

"నిన్నెందుకు తీసుకోవాలి?"

"తెల్వది మేడం" అన్నాను. అది నా నోటి నుంచి నేరుగా వచ్చిన మొదటి సమాధానం.

ఆవిడ సొరుగులోకి ఒకసారి చూసి, ఈ జవాబు తన పుస్తకంలో ఎక్కడా తప్పని రాయలేదని, రేపటి నుంచి రమ్మని అన్నారు. ఇంటికొచ్చి చెబితే మామ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. అత్తమ్మ కత్తెర తెచ్చి టై కత్తిరించింది.

తర్వాత కొన్నాళ్లు ఆ షాపు పూర్తిగా గైడ్ల మీదే నడిచింది. మేడం వ్యాపారం పుస్తకం, నేను అమ్మకాల పుస్తకం, మామ ఇద్దరికీ ఆదివారం ఆదివారం కొత్త సరుకు తెచ్చే ఏజెంటు. గిరాకీ రాగానే పేరు పెట్టి పలకరించాలని నా పుస్తకంలో ఉండేది. పేరు తెలిసేదాకా నేను కప్పు చూపించేవాణ్ణి కాదు. ఎండలో వచ్చిన ఒక వ్యాయామం మాస్టారు, పేరు చెప్పను, మెడల్స్ ఇస్తే ఇవ్వు లేకపోతే పో అని వెళ్లిపోయాడు. ఎవరికీ ఎప్పుడూ కాదు అనే మాట చెప్పకూడదని మేడం పుస్తకంలో ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

దగ్గర్లోని ఒక తెలుగు మీడియం బడి నుంచి పెద్దమేడం వచ్చారు. వార్షికోత్సవానికి కప్పులు కావాలి, ప్రతి దాని మీదా పిల్లల పేర్లు తెలుగులో చెక్కాలి, వారంలో కావాలి. మేడం వెంటనే తప్పకుండానండీ అన్నారు. పెద్దమేడం వెళ్లాక మాకు గుర్తొచ్చింది, ఇత్తడి రేకుల మీద పేర్లు చెక్కే మా పెద్దాయన మనవరాలి పెళ్లికి ఊరెళ్లాడని, ఫోన్ ఎత్తడం లేదని. చుట్టుపక్కల చెక్కేవాళ్లందరూ బడుల సీజన్ పనిలో మునిగి ఉన్నారు. బయానా తీసుకున్న మొదటి పెద్ద పని చెడితే మరిది సాయంత్రానికల్లా తాళాల కోసం వచ్చేస్తాడు. మేడం ఆ మధ్యాహ్నం డబ్బా తెరిచి పెట్టుకుని, అన్నం కలిపి, తినకుండా మూత పెట్టేశారు. పెద్దాయన చెక్కే కరెంటు పెన్ను ఇక్కడే ఉంది కదా, దానికో పుస్తకం దొరికితే చాలు కదా అని నేనే అన్నాను.

ఆదివారం మామా నేనూ అబిడ్స్ అంతా గాలించి, కోఠీ దాకా వెళ్లాం. లోహం మీద చెక్కడం గురించి ఒక్క పుస్తకమూ లేదు. తిరిగొస్తుంటే గన్‌ఫౌండ్రీ మూల మీద మామకు ఒకటి దొరికింది. రబ్బరు స్టాంపులు తయారుచేయడం, కొత్తగా నేర్చుకునేవారి కోసం. ఇది స్టాంపులది కదా మామా అన్నాను. అక్షరాలు చెక్కుడే గద, రబ్బరైతేంది ఇత్తడైతేంది అన్నాడు. ఆ పుస్తకంలో మొదటి పాఠమే పెద్ద అక్షరాల్లో ఉంది: అక్షరాలు ఎప్పుడూ తిరగేసి చెక్కాలి, కొత్తవాళ్లు సూటిగా చెక్కి నవ్వులపాలవుతారు. నాకు అనుమానం వచ్చి, తిరగేస్తే ఎట్లా చదువుతారు అని అడిగాను. మామ ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించాడు. "కొత్తోళ్లకు గిట్లనే అనుమానమొస్తదని గీడ రాసిండు చూడు. నీకు అచ్చం గట్లనే వచ్చింది." ఒక పుస్తకం నా మనసులోని మాట ముందే చెప్పేశాక ఇంకేం వాదిస్తాను?

తెలుగు అక్షరాలు తిరగేసి రాయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. 'క్ష' తిరగేస్తే దానికే దిక్కు తెలియదు. రోజుల తరబడి పాత రేకుల మీద సాధన చేసి, చెయ్యి కుదిరాక అసలు రేకుల మీద చెక్కి కప్పులకు అంటించాను. మేడం ఒక కప్పు పట్టుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి కానీ చదవడానికి రావట్లేదేమండీ అని మామను అడిగారు. వేదిక మీద కప్పు ఇచ్చేవాళ్లు ఒక దిక్కు, పుచ్చుకునేవాళ్లు ఇంకో దిక్కు ఉంటారని, దానికి తగ్గట్టు ఏదో లెక్క ఉంటుందని మామ వివరించాడు. ఆవిడ తల ఊపారు. ముగ్గురం డిగ్రీలు చదివినవాళ్లమే.

సరుకు స్వయంగా అందించి పరిచయం పెంచుకోవాలని ఏదో పుస్తకంలో ఉండటంతో, వార్షికోత్సవానికి ముగ్గురం వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాం. ముఖ్య అతిథి రిటైరైన ఒక పెద్ద అధికారి. కప్పు మీది పేరు తనే చదివి పిలుస్తానని, అది పిల్లలకు గౌరవమని ముచ్చటపడ్డారు. మొదటి కప్పు అందుకుని నోరు తెరిచారు. మూశారు. కప్పును పక్కకు వంచారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఆయన కప్పును మెల్లగా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, పక్కనున్న పెద్దమేడంతో మైకు ముందే అన్నారు, "నాకు తెలుగు కనబడటం లేదమ్మా."

ఆయనకు ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయిందట. అది చెడిపోయిందనుకుని అతిథి ఒక్కో కన్నూ మూసి చూసుకుంటున్నారు. ఎవరో నీళ్లు తెచ్చారు, ఎవరో దవాఖానకు ఆటో పిలవమన్నారు. నాకు అప్పుడు, ఆ క్షణంలో, స్టాంపు అంటే ఏమిటో పూర్తిగా అర్థమైంది. దాన్ని కాగితం మీద కొడతారు. కప్పును దేని మీదా కొట్టరు. మామ వైపు చూశాను. ఆయన ముఖం చూస్తే ఆయనకు కూడా అప్పుడే అర్థమైనట్టుంది. మేడం మాత్రం లేచి వేదిక మీదకు వెళ్లారు. కొంగు గట్టిగా పట్టుకున్నారు. మీ కళ్లు బంగారంలా ఉన్నాయండీ, పేర్లే తిరగబడ్డాయి, అది మా షాపు తప్పు అని మైకులోనే చెప్పేశారు. ఇట్లాంటప్పుడు ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు. నేను అన్నీ చదివాను కాబట్టి నాకు తెలుసు.

అతిథి నమ్మలేదు. తనను ఓదారుస్తున్నారనుకున్నారు. అప్పుడు వేదిక పక్కన పిల్లలకు బొట్లూ కాటుకలూ దిద్దుతున్న డాన్సు టీచరు, తన నిలువుటద్దాన్ని ఇద్దరి చేత మోయించుకుని వచ్చి ఆయన ముందు నిలబెట్టింది. ఆయన కప్పును అద్దానికి చూపించి, వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పేరు మొత్తం చదివారు. తన ఆపరేషన్ బాగున్నందుకో, పేరు తెలిసినందుకో, కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత ప్రతి బహుమతీ అద్దంలోనే చదివారు. తన పేరు అద్దంలో ఎట్లా తేలుతుందో చూడాలని పిల్లలు వరుసలో తోసుకున్నారు. బహుమతి రానివాళ్లు ఏడ్చారు.

మరునాడు బడి పెద్దమేడం షాపుకొచ్చి గట్టిగానే మందలించారు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన మా పెద్దాయన చేత అన్ని రేకులూ సూటిగా చెక్కించి తీసుకెళ్లాం. పిల్లలు పాతవి వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. కొత్త రేకులు చాలాకాలం మా అటక మీద పడి ఉన్నాయి. ఆ ముఖ్య అతిథి మాత్రం తన కాలనీ క్యారమ్స్ పోటీకి కప్పుల కోసం వెతుక్కుంటూ వచ్చారు. మేడంకు చేతులు జోడించి, ఈసారికి పేర్లు సూటిగా చెక్కించండి అన్నారు. మరిది ఆ సాయంత్రం వచ్చాడు, తాళాల సంగతి ఎత్తకుండా టీ తాగి వెళ్లాడు. నాన్నకు ఫోన్ చేసి, వానలు పడినా నేను రానని చెప్పాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. మేడం ఇప్పుడు ఇంట్లో భర్త పక్కన కూర్చుని క్రికెట్ చూస్తున్నారు, షాపు నేనే చూసుకుంటున్నాను. మామ రిటైరై, తోటపని మొదటి పుస్తకంలో ఉన్నాడు. కప్పుల వ్యాపారం నాకు బాగా పట్టుబడింది. మొన్న ఒక యువజన సంఘం కుర్రాళ్లు వచ్చి, తన చుట్టూ తాను తిరిగే కప్పు కావాలన్నారు, బ్యాటరీతో, పైన దీపం వెలిగేది. నేను తల కూడా ఎత్తకుండా, అట్లాంటివి మా దగ్గర కావని చెప్పి పంపేశాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లిపోతుంటే, ఎందుకో లేచి కిటికీ దాకా వెళ్లాను. ఆ రోజుల్లో అయితే తప్పకుండా చేసిస్తామని చెప్పి, కుర్చీలేసి కూర్చోబెట్టి, టీ కూడా తెప్పించి ఉండేవాణ్ణి. ఆనాటి కుర్రాడు, మెడకు ఊడిరాని టై కట్టుకుని ఏదైనా చేసేస్తానని నమ్మిన ఆ కుర్రాడు, ఇప్పుడు ఉద్యోగం కోసం వస్తే నేను తీసుకుంటానా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. తీసుకోను. కానీ వాణ్ణి చాలాసేపు కూర్చోబెట్టుకుని మాట్లాడతాను.